కత్తి బదులు మాత్ర: ఆ మాట చెప్పే స్లైడు

రేడియాలజిస్టు ఎడమచేత్తో అల్ట్రాసౌండ్ ప్రోబును రొమ్ము మీద ఆనించి, తెర మీద గడ్డను మధ్యకు తెచ్చుకుంటుంది. కుడిచేతిలో 14 గేజ్ సూది. దాని మందం రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. చర్మం కింద లిగ్నొకెయిన్ మత్తు ఎక్కించి రెండు మూడు నిమిషాలు ఆగుతుంది. బ్లేడు మొనతో చిన్న గాటు పెట్టి, సూదిని గడ్డ అంచుదాకా పోనిస్తుంది. "టప్‌మని చప్పుడొస్తుందమ్మా, ఉలిక్కిపడకండి" అని ముందే చెబుతుంది. మీట నొక్కగానే స్ప్రింగు విడివడుతుంది, సూది 22 మిల్లీమీటర్లు ముందుకు దూకి తన గాడిలో పట్టినంత కణజాలాన్ని కోసుకుంటుంది. బయటికి తీస్తే సేమ్యా పోగంత ముక్క. ల్యాబులో దీన్ని 'కోర్' అంటారు. ఇలాంటివి నాలుగైదు తీస్తారు. ఫార్మలిన్ సీసాలో వేయగానే మునిగిన కోర్ గడ్డలోది, తేలినది చాలావరకు కొవ్వు. అన్నీ తేలుతుంటే ఆమె మళ్ళీ సూది అందుకుంటుంది. మొత్తం అరగంట పని. తర్వాత పది నిమిషాలు అదిమి పట్టి, పట్టీ వేసి పంపేస్తారు. కుట్లు అక్కర్లేదు.

బల్ల మీద ఉన్నది 82 ఏళ్ళ పెద్దావిడ అనుకుందాం. గడ్డ నాలుగు సెంటీమీటర్లుంది, గుండె పంపింగ్ 30 శాతమే. మత్తు డాక్టరు ఫైలు చూసి జంకుతున్నాడు. "కొయ్యకుండా మాత్రలతో నెట్టుకు రాలేమా డాక్టర్ గారూ?" అని కొడుకు అడుగుతున్నాడు. క్యాన్సర్ ఆస్పత్రుల్లో ఈ మాట తరచూ వినబడుతుంది. జవాబు ఇప్పుడు ఆ సీసాలో ఉంది. రొమ్ము క్యాన్సర్ కణాల్లో చాలావాటికి కేంద్రకంలో ఈస్ట్రోజెన్ రిసెప్టార్ అనే ప్రొటీన్ ఉంటుంది. డాక్టర్లు 'ఈఆర్' అంటారు. ఒంట్లో తిరిగే ఈస్ట్రోజెన్ హార్మోను దీనికి అంటుకుంటే కణం విభజన మొదలుపెడుతుంది. టామాక్సిఫెన్ మాత్ర ఆ అంటుకునే చోటును తానే ఆక్రమిస్తుంది. లెట్రోజోల్ దారి వేరు. ముట్లుడిగిన ఆడవాళ్ళలో ఈస్ట్రోజెన్ ముఖ్యంగా కొవ్వు, కండరాల్లాంటి చోట్ల అరోమటేజ్ అనే ఎంజైము వల్ల తయారవుతుంది. లెట్రోజోల్ ఆ ఎంజైమునే ఆపేస్తుంది. కణంలో ఈఆర్ లేకపోతే ఈ రెండు మాత్రలూ దండగే. కాబట్టి ఉందా లేదా, ఉంటే ఎంత ఉంది అన్నది ఒక గాజు పలక మీద రంగుగా కనబడాలి. ఆ రంగు రప్పించేందుకు పట్టే పని మూడు నుంచి అయిదు రోజులది.

ముక్క కోసిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది. కోసిన ముక్కకు రక్తం అందదు, అందులోని ప్రొటీన్లు చెడడం మొదలవుతుంది. అందుకే గంటలోపు ఫార్మలిన్‌లో పడాలని నియమం. బయాప్సీ గదిలో సీసా మూత ముందే తీసి పెట్టుకుంటారు కాబట్టి ఇక్కడ నిమిషం కూడా పట్టదు. ఫార్మలిన్ అంటే ఏదో ఒక ఫార్మలిన్ కాదు, 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. బజారులో దొరికే గాఢమైన ద్రావణం 100 మిల్లీలీటర్లకు 900 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలిపి, అందులో 4 గ్రాముల మోనోసోడియం ఫాస్ఫేటు, 6.5 గ్రాముల డైసోడియం ఫాస్ఫేటు కరిగిస్తారు. ఈ రెండు లవణాలే ద్రావణాన్ని పులిసిపోకుండా, పీహెచ్ 7 దగ్గర నిలిపి ఉంచుతాయి. లవణాలు వేయని ఫార్మలిన్ నిలవ ఉండేకొద్దీ ఆమ్లంగా మారి ముక్కను పాడుచేస్తుంది. ముక్క పరిమాణానికి పదింతలైనా ద్రావణం ఉండాలి.

అందులో ఎంతసేపు నానాలన్నదే అసలు కిటుకు. కనీసం 6 గంటలు, మించితే 72 గంటలు. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం, పాథాలజిస్టుల కాలేజీ కలిసి పెట్టిన ఈ హద్దులనే మన ల్యాబులూ పాటిస్తాయి. ఫార్మలిన్ ముక్క లోపలికి త్వరగానే ఇంకుతుంది, కానీ ప్రొటీన్లను ఒకదానితో ఒకటి కట్టి స్థిరపరచడానికి చాలా గంటలు తీసుకుంటుంది. సన్నటి కోర్ కదా, రెండు గంటలు చాలులే అని తొందరపడితే మిగిలిన పని తర్వాత వచ్చే ఆల్కహాల్ తనకు తోచినట్టు చేస్తుంది. అప్పుడు ఉన్న ఈఆర్ కూడా లేనట్టు కనబడవచ్చు. చిన్న ఊరి నర్సింగ్ హోమ్‌లో తీసిన ముక్క రాత్రి బస్సు పార్సిల్‌లో నగరానికి వచ్చే చోట గంటల లెక్క ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సీసా మీద ముక్క తీసిన తేదీతోపాటు ఫార్మలిన్‌లో వేసిన సమయం కూడా రాసి ఉండాలి. పండగ సెలవులు మూడు రోజులు కలిసొస్తే 72 గంటలు ఇట్టే దాటిపోతాయి. తెలియక సెలైన్‌లో వేసి పంపేవాళ్ళూ ఉంటారు. అలా వచ్చిన ముక్క మీద ఈఆర్ లేదన్న ఫలితం వస్తే దాన్ని మంచి పాథాలజిస్టు నమ్మడు, మళ్ళీ తీయించమంటాడు. 82 ఏళ్ళ మనిషిని రెండోసారి సూది బల్ల ఎక్కించడం బాధే. తప్పు ఫలితం అంతకన్నా పెద్ద బాధ.

మర్నాడు పొద్దున గ్రాసింగ్ బల్ల దగ్గర సీసా తెరుస్తారు. గ్రాసింగ్ అంటే ముక్కను కంటితో చూసి, కొలిచి, వర్ణన రాసుకోవడం. "కోర్లు అయిదు, పొడుగు 0.8 నుంచి 1.6 సెంటీమీటర్లు, తెలుపు బూడిద రంగు" అని డాక్టరు చెబుతుంటే పక్కన ఇంకొకరు రాసుకుంటారు. కోర్లు సందుల్లోంచి జారిపోకుండా వడపోత కాగితంలో చుట్టి, అగ్గిపెట్టెకన్నా చిన్నదైన ప్లాస్టిక్ క్యాసెట్‌లో పెడతారు. క్యాసెట్ మీద నంబరు పెన్సిల్‌తోనే రాస్తారు. పెన్ను సిరా ముందుముందు వచ్చే జైలీన్‌లో కరిగిపోతుంది, పెన్సిల్ గీత పోదు. ఈ నంబరే ఇక ఆమె పేరు. స్లైడు మీదా, రిజిస్టరులోనూ, రిపోర్టులోనూ అదే.

సాయంత్రం క్యాసెట్లన్నీ టిష్యూ ప్రాసెసర్‌లోకి వెళతాయి. రాత్రంతా, సుమారు 12 గంటలు, యంత్రం ఒక్కో బుట్టను ఒక్కో ద్రవంలో ముంచి తీస్తుంటుంది. ముందు 70 శాతం ఆల్కహాల్, తర్వాత 80, 95, చివరికి నూరు శాతం. ముక్కలోని నీరు మెల్లగా బయటికి పోవాలి, ఒక్కసారిగా లాగేస్తే కణాలు ముడుచుకుపోతాయి. తర్వాత జైలీన్. అది ఆల్కహాల్‌నీ కలుపుకుంటుంది, మైనాన్నీ కలుపుకుంటుంది, కనుక రెండింటి మధ్య వంతెన పని చేస్తుంది. ఆఖరున 60 డిగ్రీల దగ్గర కరిగిన పారఫిన్ మైనం. తెల్లారేసరికి నీరున్న చోటల్లా మైనం నిండి ఉంటుంది. మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందన్న భయంతో ప్రాసెసర్‌కు విడిగా యూపీఎస్ పెట్టుకునే ల్యాబులున్నాయి.

ఉదయం బ్లాకులు పోస్తారు. చిన్న లోహపు అచ్చులో కాస్త వేడి మైనం పోసి, చిమటాతో కోర్లను అందులో పరుస్తారు. అయిదూ ఒకే మట్టంలో, అడుగుకు ఆనుకుని, పక్కపక్కన ఉండాలి. ఒకటి పైకి లేచినా, తర్వాత కోసే పొరలో అది ఉండదు. దాన్ని అందుకోవడానికి ఇంకా లోతుగా కోస్తే మిగిలిన నాలుగూ అరిగిపోతాయి. ఒక్కో బ్లాకుకు ఒకటి రెండు నిమిషాలే పడుతుంది, కానీ మైనం గట్టిపడే ఆ కొద్ది క్షణాల్లో చెయ్యి వణకకూడదు. పైన మైనం నింపి, చల్లని పలక మీద పెడితే పావుగంటలో బ్లాకు అచ్చులోంచి ఊడివస్తుంది.

ఇక మైక్రోటోమ్. హిస్టోపాథాలజీ ల్యాబులో టెక్నీషియన్ చేతివాటం తెలిసేది ఇక్కడే. బ్లాకును ముందు కాసేపు ఐసు మీద పెడతారు. చల్లబడితే మైనం బిగిసి, పలచగా కోతకు లొంగుతుంది. యంత్రానికి బిగించి, ముక్క పూర్తిగా బయటపడేదాకా పైపై మైనాన్ని చెక్కుతారు. ఇక్కడ ఎక్కువ చెక్కితే కోర్ కరిగిపోతుంది. బ్లాకులో ఉన్నదే ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం, అందులోంచి క్యాన్సర్ నిర్ధారణకూ, ఈఆర్‌కూ, పీఆర్ అనే ప్రొజెస్టెరాన్ రిసెప్టార్‌కూ, హెర్-2 అనే ఇంకో ప్రొటీన్‌కూ అన్నిటికీ పొరలు రావాలి. తర్వాత చక్రం మీద మందం 3 లేదా 4 మైక్రాన్లకు పెడతారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు పొర ఇది. చక్రం ఒకే వేగంతో, ఆపకుండా తిప్పుతారు. ఒక పొర అంచుకు ఇంకో పొర అంటుకుంటూ రిబ్బన్‌లాగా బ్లేడు మీదికి దిగుతుంది. పొరలు చుట్టుకుపోతున్నాయనిపిస్తే టెక్నీషియన్ బ్లాకు మీద మెల్లగా ఊదుతుంది. ఆ ఊపిరి వెచ్చదనానికీ తడికీ పొర సర్దుకుంటుంది. పుస్తకాల్లో చదివి నేర్చుకోవడానికి వీల్లేని పని ఇది. కొత్తవాళ్ళకు వాడేసిన బ్లాకులు ఇచ్చి నెలల తరబడి కోయిస్తారు. బ్లేడులో కంటికి కనబడని నొక్కు ఒక్కటుంటే చాలు, రిబ్బన్ పొడవునా గీత పడుతుంది.

రిబ్బన్‌ను కుంచెతో లేపి 45 డిగ్రీల వాటర్ బాత్ మీద వదులుతారు. మైనం కరగదు, మెత్తబడి ముడతలు విప్పుకుంటుంది. నీళ్ళలోకి స్లైడును ఏటవాలుగా దించి, పొర కిందికి పోనిచ్చి, పైకి ఎత్తుతారు. ఈఆర్‌కు వాడే స్లైడు మామూలుది కాదు. దాని ఉపరితలానికి ధనావేశం ఉంటుంది, లేదా పాలీ లైసీన్ పూత పూసి ఉంటుంది. ముందున్నది ఉడకబెట్టే పని. మామూలు గాజు మీద పొర నిలవదు, ఊడి తేలిపోతుంది. స్లైడును 60 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు ఆరబెడతారు. ముందుగానే కోసి నిలవ పెట్టిన పొరలు పనికిరావు, ఆరు వారాలు దాటితే ఈఆర్ పట్టుబడే శక్తి తగ్గిపోతుంది.

ఈలోగా మొదటి పొర మీద మామూలు రంగులు, హెమటాక్సిలిన్, ఇయోసిన్ వేసి పాథాలజిస్టు చూస్తాడు. క్యాన్సరేనా, నాళం గోడ దాటి బయటికి చొచ్చుకు వచ్చిందా, గ్రేడు ఎంత అన్నది ఇక్కడ తేలుతుంది. ఆపైనే ఈఆర్ పరీక్షకు చీటీ రాస్తాడు.

ఆ పరీక్ష పేరు ఇమ్యూనో హిస్టో కెమిస్ట్రీ, వాడుకలో ఐహెచ్‌సీ. ముందు మైనాన్ని వదిలించాలి. జైలీన్‌లో రెండుసార్లు అయిదేసి నిమిషాలు, తర్వాత ఆల్కహాల్ మెట్లు వెనక్కి దిగుతూ నూరు, 95, 70, చివరికి నీళ్ళు. నిన్న రాత్రి ఎంతో ఓపికగా పోగొట్టిన నీటిని ఇప్పుడు మళ్ళీ పొరలోకి తెస్తున్నారన్నమాట. ఇక్కడి నుంచి రంగు వేయడం పూర్తయ్యేదాకా స్లైడు ఒక్క నిమిషం కూడా ఆరకూడదు. ఆరిన అంచుల్లో రంగు తప్పుగా పడుతుంది.

ఇప్పుడొచ్చేది ప్రెషర్ కుక్కర్. మాటవరసకు అంటున్నది కాదు, చాలా ల్యాబుల్లో ఇది వంటింటి కుక్కరే. ఫార్మలిన్ ప్రొటీన్లను కట్టిపడేసినప్పుడు ఈఆర్ మీద, దాన్ని వెతికి పట్టుకునే యాంటీబాడీ అంటుకోవాల్సిన చోటు కూడా మూసుకుపోతుంది. దాన్ని తెరవడానికి స్లైడ్లను పీహెచ్ 9 ఉన్న ట్రిస్ ఈడీటీఏ ద్రావణంలో పెట్టి ఉడికిస్తారు. దీనికి యాంటిజెన్ రిట్రీవల్ అని పేరు. ద్రావణం మరుగుతుండగా స్లైడ్ల స్టాండు దించి మూత పెడతారు. పూర్తి ఒత్తిడి వచ్చాక మూడు నాలుగు నిమిషాలు. ఎన్ని విజిళ్ళన్నది ఏ ల్యాబుకు ఆ ల్యాబు తన కుక్కరుతో, తన స్టవ్వుతో పరీక్షించి స్థిరపరచుకుంటుంది. ఒకసారి స్థిరపరచాక దాన్ని ఎవరూ మార్చరు. దించాక మూత వెంటనే తీయరు, గది వేడికి వచ్చేదాకా 20 నిమిషాలు ఆగుతారు. పెద్ద ఆస్పత్రుల్లో ఇదంతా యంత్రం 95 నుంచి 100 డిగ్రీల మధ్య తానే చేస్తుంది. ఫార్మలిన్‌లో నానిన పొరల్ని లోహ లవణాల ద్రావణంలో వేడిచేస్తే మూసుకుపోయిన చోట్లు తెరుచుకుంటాయని 1991లో షాన్ రాంగ్ షీ, ఆయన తోటి పరిశోధకులు మైక్రోవేవ్ ఓవెన్‌తో చూపించారు. అంతకుముందు చాలాకాలం ఈఆర్ కొలవాలంటే ముక్కను తీసిన వెంటనే గడ్డకట్టించాలి, రేడియోధార్మిక ఈస్ట్రోజెన్‌తో లెక్కకట్టాలి. షికాగోలో ఎల్వుడ్ జెన్సన్ 1950ల చివర ఈ రిసెప్టార్‌ను కనిపెట్టింది ట్రిటియం కలిపిన హార్మోనుతోనే. కుక్కరు వచ్చాక ఆ పని జిల్లా కేంద్రంలోని ల్యాబుకు కూడా అందింది.

అందినంత మాత్రాన తేలిక కాలేదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ రాష్ట్రంలో 1997 నుంచి 2005 వరకు చేసిన ఈఆర్ పరీక్షల్లో లోపాలున్నట్టు 2005లో బయటపడింది. ఒక రోగి ముక్కను మళ్ళీ పరీక్షిస్తే, లేదన్న ఈఆర్ ఉన్నట్టు తేలింది. పాత బ్లాకులను టొరంటోలోని మౌంట్ సినాయ్ ఆస్పత్రికి పంపి తిరిగి చేయించారు. దాదాపు 400 మంది ఫలితాలు మారాయి. వాళ్ళలో ఎందరో హార్మోను మందు పొందాల్సినవాళ్ళు, 'నెగటివ్' అన్న కాగితం వల్ల పొందలేదు. జస్టిస్ మార్గరెట్ కామెరాన్ విచారణ సంఘం 2009లో నివేదిక ఇచ్చింది. ల్యాబులో నాణ్యత తనిఖీ, శిక్షణ సరిగా లేకపోవడాన్ని అది ఎత్తిచూపింది. ఫార్మలిన్ గంటలు, కుక్కరు నిమిషాలు అని నేనింత వివరంగా రాయడం అందుకే. ఈ అంకెల వెనకాల మనుషులున్నారు.

చల్లారిన స్లైడు మీద పొర చుట్టూ మైనపు పెన్నుతో గీత గీస్తారు. పోసిన ద్రవం ఆ గీత దాటదు. మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పది నిమిషాలు ఉంచితే, కణజాలంలో సహజంగా ఉండే పెరాక్సిడేజ్ చల్లబడిపోతుంది. లేకపోతే చివర్లో అది కూడా రంగు పుట్టించి మోసం చేస్తుంది. బఫర్‌తో కడిగి, ఈఆర్ యాంటీబాడీ వేస్తారు. ఎస్‌పీ1, ఈపీ1 అనేవి ఎక్కువగా వాడే రకాలు. రెండూ కుందేలు నుంచి వచ్చినవే. పైపెట్‌తో నూరు మైక్రోలీటర్లు, అంటే రెండు మూడు చుక్కలు. అడుగున తడి గుడ్డ పరిచిన మూత పెట్టెలో స్లైడ్లను పడుకోబెట్టి అరగంట నుంచి గంట ఉంచుతారు. కొన్ని మిల్లీలీటర్ల యాంటీబాడీ సీసా వేల రూపాయలు. అందుకే కొన్ని ల్యాబులు రోజూ రన్ పెట్టవు, నమూనాలు కొన్ని పోగయ్యాక పెడతాయి. రిపోర్టు ఆలస్యానికి ఇదీ ఒక కారణం.

మళ్ళీ కడుగుతారు. ఎంజైము మోసుకొచ్చే పాలిమర్ ద్రవం మరో అరగంట. అది యాంటీబాడీ ఉన్న చోటే అంటుకుంటుంది. ఆ తర్వాత డీఏబీ అనే రసాయనం. అప్పటిదాకా ఏ రంగూ లేని పొరలో అయిదు నిమిషాల్లో గోధుమరంగు పొడసూపుతుంది. ఎంజైము ఉన్న చోటల్లా డీఏబీ గోధుమరంగు అవక్షేపంగా మారుతుంది. డీఏబీ క్యాన్సర్ కారకమన్న అనుమానం ఉన్న పదార్థం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోరు, సింకులో పారబోయరు, వ్యర్థాన్ని విడిగా సీసాలో పోగుచేస్తారు. నేపథ్యానికి అరనిమిషం హెమటాక్సిలిన్ నీలం. నీలం ఎక్కువైతే లేత గోధుమరంగు దాని కింద మునిగిపోతుంది, కాబట్టి ఈ అరనిమిషాన్ని కూడా చూసి చూసి చేస్తారు. కడిగి, ఆరబెట్టి, డీపీఎక్స్ జిగురు చుక్క మీద కవర్ స్లిప్ మూస్తారు. బుడగ దూరకూడదు. కుక్కరు దించిన దగ్గర్నుంచి ఇప్పటికి మూడు గంటలు.

స్లైడు చదివే ముందు పాథాలజిస్టు ఇంకో స్లైడు అడుగుతాడు. అది కంట్రోలు, అంటే ఈఆర్ ఎంత ఉందో ముందే తెలిసిన కణజాలం. పెద్దావిడ పొరతోపాటే అదే కుక్కరులో ఉడికి, అదే చుక్కలు పడినది. గర్భాశయ ముఖద్వారపు ముక్కలో రంగు గట్టిగా రావాలి. టాన్సిల్‌లో అక్కడక్కడ లేతగా రావాలి. టాన్సిల్ లేత రంగు కనబడకపోతే పరీక్ష తక్కువ మోతాదు ఈఆర్‌ను పట్టుకోలేకపోతోందని అర్థం, ఆ రోజు రన్ మొత్తం కొట్టేస్తారు. ఇంకో సాక్షి ఆమె ముక్కలోనే ఉంటుంది. క్యాన్సర్ పక్కన మిగిలిన మామూలు పాలనాళాల్లో కొన్ని కణాలైనా గోధుమరంగు పట్టాలి. అవి కూడా తెల్లమొహం వేస్తే, గడ్డ నెగటివ్ అనడానికి లేదు.

అప్పుడు లెక్క మొదలవుతుంది. నలభై రెట్ల లెన్సు కింద క్యాన్సర్ కేంద్రకాలను చూస్తూ ఎన్నిటికి రంగు పట్టింది, ఎంత చిక్కగా పట్టింది అని రెండు అంకెలు వేస్తాడు. ఆల్‌రెడ్ స్కోరు అనేది ఇదే. వందలో ఒకటికన్నా తక్కువైతే 1, పదో వంతు దాకా 2, మూడో వంతు దాకా 3, మూడింట రెండు వంతుల దాకా 4, అంతకు మించితే 5. చిక్కదనానికి లేతదైతే 1, నడిమిదైతే 2, ముదురైతే 3. కూడితే అత్యధికం 8. ఒక శాతం కణాలకు రంగు పట్టినా రిపోర్టులో 'పాజిటివ్' అనే రాస్తారు, ఒకటి నుంచి పది శాతం మధ్య ఉంటే 'లో పాజిటివ్' అని విడిగా రాయాలని 2020లో సవరించారు. ఆపరేషన్ తర్వాత తోడుగా మాత్ర వేయడానికి ఆ కొంచెం రంగు కూడా పనికొస్తుంది. ఆపరేషన్‌కు బదులుగా మాత్ర మీదే భారం వేయాలంటే అది చాలదు, స్కోరు 7 లేదా 8 ఉండాలి. మన పెద్దావిడ స్లైడులో కేంద్రకాలన్నీ దాదాపుగా ముదురు గోధుమరంగులో ఉన్నాయి. 5కు 3 కలిపి 8. పాథాలజిస్టు రిపోర్టులో స్కోరుతోపాటు ఫార్మలిన్ గంటలు, యాంటీబాడీ రకం, కంట్రోలు సరిగా వచ్చిందన్న మాట రాసి సంతకం పెడతాడు. ఈఆర్, పీఆర్, హెర్-2 మూడింటికీ కలిపి ప్రైవేటు ల్యాబుల్లో సుమారు రెండు నుంచి అయిదు వేల రూపాయలు తీసుకుంటారు.

రిపోర్టు కొడుకు చేతికొస్తుంది. ఇక్కడ డాక్టరు ఒక మాట స్పష్టంగా చెప్పాలి, మంచి డాక్టర్లు చెబుతారు కూడా. పెద్ద వయసువాళ్ళకు టామాక్సిఫెన్ ఒక్కటే ఇచ్చి చూసిన తొలి ప్రయత్నాల్లో ఒకటి స్కాట్లండులోని డండీలో జరిగి 1982లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. తర్వాత ఆపరేషన్‌తో పోల్చిన పరీక్షలు జరిగాయి. ఇటలీలో 474 మంది మీద చేసినది అందులో పెద్దది. అన్నిటినీ కూర్చి చూస్తే, బతికే కాలంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు, కానీ మాత్ర మీదే ఉన్నవాళ్ళలో రొమ్ములో గడ్డ మళ్ళీ పెరగడం చాలా ఎక్కువ. ఆ పరీక్షల్లో చాలావాటిలో ఈఆర్ చూడకుండానే అందరికీ మాత్ర ఇచ్చారు. ఇప్పుడు స్లైడు చూసి ఇస్తున్నాం, మందు కూడా లెట్రోజోల్. ఆపరేషన్‌కు ముందు నాలుగు నెలలు ఇచ్చి చూసిన ఒక పెద్ద పరీక్షలో గడ్డ తగ్గినవాళ్ళు లెట్రోజోల్‌తో 55 శాతం, టామాక్సిఫెన్‌తో 36 శాతం. ఇంత ఉన్నా, ఆపరేషన్‌కు తట్టుకోగలిగిన మనిషికి ఆపరేషనే సరైన దారి. రెండు మూడేళ్ళకు మించి ఆయుర్దాయం లేదనిపించినవాళ్ళకూ, గుండెనూ షుగరునూ సరిచేశాక కూడా మత్తుకు తట్టుకోలేనివాళ్ళకూ, వద్దని తామే తేల్చి చెప్పినవాళ్ళకూ మాత్రమే ఈ బదులు దారి అని అంతర్జాతీయ, యూరప్ నిపుణుల సంఘాలు 2012లో తేల్చాయి. వయసు ఒక్కటే కారణం కాకూడదు. 82 ఏళ్ళకు పొలం గట్టు మీద నడిచే మనిషికి మాత్రతో సరిపెట్టడం ఆమెకు చేసే అన్యాయం.

కత్తి బదులు మందు పూర్తిగా నిలబడిన చోటు ఇంకొకటుంది. గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్ అండాశయాలు తీసేస్తే రొమ్ము క్యాన్సర్ తగ్గుతుందని 1896లో లాన్సెట్ పత్రికలో రాశాడు. ముట్లుడగని ఆడవాళ్ళకు ఆ ఆపరేషన్ బదులు ఇప్పుడు గోసెరెలిన్ ఇవ్వగలుగుతున్నారు. 3.6 మిల్లీగ్రాముల మందున్న చిన్న కడ్డీని 28 రోజులకొకసారి పొట్ట చర్మం కింద పెడతారు. అండాశయాలు ఉన్నచోటే ఉండి పని మానేస్తాయి. ఆపితే, వయసును బట్టి చాలామందిలో మళ్ళీ మొదలుపెడతాయి.

పెద్దావిడకు లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములు, రోజుకొకటి, ఏ పూటైనా సరే, తిన్నాకైనా తినకముందైనా. బ్రాండును బట్టి మాత్ర ధర పది నుంచి నలభై రూపాయల దాకా ఉంటుంది. ఎముకలు పలచబడతాయి కనుక మొదలుపెట్టేముందు డెక్సా స్కాను తీస్తారు, కాల్షియం, విటమిన్ డి తోడిస్తారు. కీళ్ళ నొప్పులు వస్తాయని ముందే చెబుతారు. చెప్పకపోతే ఆవిడ తనంతట తానే మాత్ర మానేసే ప్రమాదముంది. మొదటి రోజు గడ్డను కాలిపర్‌తో కొలిచి, అల్ట్రాసౌండ్‌లో రెండు అడ్డుకొలతలు తీసి ఫైలులో రాస్తారు. నెలకే ఫలితం చూడాలని ఆత్రపడకూడదు, ఈ మందు మెల్లగా పనిచేస్తుంది. మూడు నెలలకు మళ్ళీ అదే ప్రోబుతో, వీలైతే అదే డాక్టరుతో కొలిపిస్తారు. నాలుగు సెంటీమీటర్లు మూడయితే సంతోషం, నాలుగు నాలుగుగానే ఉన్నా మాత్ర కొనసాగుతుంది. ఆపైన మూడు నెలలకొకసారి. ఇంకో ఆరు నెలలకో, ఏడాదికో కూడా తగ్గుతూనే ఉండే గడ్డలున్నాయి.

కొలత పెరగడం మొదలైతే ఆ రోజే కబురు ఆంకాలజిస్టుకు వెళుతుంది. కొందరిలో అది రెండేళ్ళకు వస్తుంది, కొందరిలో అంతకు ముందే. అప్పుడు మందు మారుస్తారు. మాత్ర సరిపోకపోతే ఫుల్వెస్ట్రాంట్ 500 మిల్లీగ్రాములు, రెండు పిరుదులకూ రెండు సూదులుగా. మొదట పక్షానికొకటి చొప్పున మూడు విడతలు, ఆ తర్వాత నెలకొకసారి. లేదా అప్పటికి గుండె కుదుటపడి ఉంటే, స్థానిక మత్తులో గడ్డ ఒక్కటే తీసే సంగతి మళ్ళీ సర్జను ముందు పెడతారు. దానికన్నా ముందు కొత్త కోర్ తీసి ఈఆర్ మళ్ళీ చూస్తారు, ఎందుకంటే పెరిగిన గడ్డలో రిసెప్టార్ తగ్గిపోయి ఉండొచ్చు. ల్యాబు అలమారాలో నంబరు వారీగా పేర్చిన పాత బ్లాకును కూడా బయటికి తీసి, రెండు స్లైడ్లనూ ఒకే రన్‌లో పెట్టి పక్కపక్కన చదువుతారు.